టైలరు షాపు పైగది

పొద్దున్న ఏడింటికి, ఇంకా టీ కూడా దిగకముందే, తాళాలు బిగించే మనిషి వచ్చి కూతురి బీరువా తలుపుకి రంధ్రం వేయడం మొదలుపెట్టాడు. ఆ రొదకి గిన్నెల మీద మూతలు కూడా కదులుతున్నాయి. హాల్లో ప్రభుత్వ ప్లీడరు గారు పేపరు పట్టుకుని కూర్చున్నారు గానీ, పావుగంటగా అదే పేజీ. వంటింట్లోంచి ఆయన భార్య తొంగిచూసింది. అచ్చాఫీసులో ముప్పయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. తప్పు కనిపిస్తే ఊరుకునే రకం కాదు.

"ఏమే, ఇంట్లో ఉన్నదే ముగ్గురం. ఆ తాళం ఎవరికోసం?"

"నీకోసం మాత్రం కాదులే అమ్మా," అంది కూతురు.

ఇంక మిగిలింది ఎవరో వేళ్ళు మడిచి చూసుకోనక్కర్లేదు. పేపరు వెనక ప్లీడరు గారి చెవులు ఎర్రబడ్డాయి.

కూతురూ వకీలే. తండ్రి ప్రభుత్వం తరఫున, కూతురు ప్రభుత్వం లోపల పడేసినవాళ్ళ తరఫున. జడ్జిగారికి ముందే చెప్పి, ఇరుపక్షాల చేత అభ్యంతరం లేదని రాయించాకే ఈ కేసులో ఎదురెదురుగా నిలబడ్డారు. అయినా బంధువులు ఊరుకుంటారా? "భోజనాల దగ్గర రాజీ కుదుర్చుకుంటారట" అని ఎకసెక్కాలు. నిజానికి ఆ ఇంట్లో భోజనాల దగ్గర కేసు ఊసే ఎత్తేవారు కాదు.

కేసు ఒక డ్రాయింగు మాస్టారిది. పోలీసులు ఎవరెవరి ఫోన్లు వింటున్నారో బయటపెట్టమని మూడొందల మంది చేత సంతకాలు చేయించాడు. శాంతిభద్రతలకు ముప్పన్నారు, విచారణ అంటూ లేకుండా నలభై రోజులుగా జైల్లో పెట్టారు. వాళ్ళకి కావలసింది ఆ సంతకాల కట్ట. దొరికితే మూడొందల ఇళ్ళ తలుపులు తట్టొచ్చు. అదెక్కడుందో మాస్టారు జైలు ములాఖత్ గదిలో తన వకీలుకి మాత్రమే చెప్పాడు. క్లయింటు వకీలుకి చెప్పిన మాట మూడో మనిషి చెవిన పడకూడదు. ఆ హామీ లేకపోతే జైల్లో ఉన్నవాడు నోరు విప్పడు.

అలాంటిది, నిన్న కోర్టులో తండ్రి తాపీగా లేచి, "అంత అమాయకుడైతే టైలరు షాపు పైగదిలో ఏం దాచాడో చెప్పమనండి" అన్నారు. మాస్టారు తనకి చెప్పింది ఆ మాటే. జడ్జిగారు సమాధానానికి ఒక్క రోజు గడువిచ్చారు. ఇవాళ నీళ్ళు నమిలితే మాస్టారు ఇంకో ఆర్నెల్లు లోపలే.

తాళం మనిషి వెళ్ళగానే ప్లీడరు గారు పేపరు మడిచారు.

"నన్నేనా అనుమానిస్తున్నావు?"

"ఆదివారం స్టేప్లర్ కావాలని నా గదిలోకొచ్చావు. నేను స్నానానికి వెళ్ళాను. ఫైలు బల్ల మీదే ఉంది."

"స్టేప్లర్ తీసుకున్నాను, వచ్చేశాను."

"దానికి పది నిమిషాలు పట్టిందా?"

"ఏంటమ్మా, నన్ను బోనెక్కించేశావా?"

"అవసరమైతే ఎక్కిస్తాను. బార్ కౌన్సిల్‌కి రాస్తాను. తండ్రివని చూడను." అంటూ పిల్ల కొత్త తాళంచెవి సంచీలో వేసుకుంది. "చిన్నప్పుడు నా డైరీ దొరికితే తెరవకుండా తెచ్చిచ్చావు నాన్నా. ఇప్పుడు నువ్వు పక్కనుంచి వెళ్తుంటే నా సంచీ దగ్గరికి లాక్కుంటున్నాను. సరే, నువ్వు ఫైలు చూడలేదు. మరి ఆ గది సంగతి నీకెవరు చెప్పారు?"

"అది నీకు చెప్పకూడదు."

"విన్నావా అమ్మా? ఈ కేసు అయ్యాక నేనీ ఇంట్లో ఉండను. ఇంక నావల్ల కాదు."

"ఇద్దరూ కాసేపు నోళ్ళు మూయండి!" ఆవిడ గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చింది. "నేను బిళ్ళ బంట్రోతులా గుమ్మంలో నిలబడి మీ పేర్లు పిలవడం ఒక్కటే తక్కువ. ఏమే, ఆయన కోర్టులో ఏమన్నారు?"

"టైలరు షాపు పైగది అన్నారు."

"నీ ఫైల్లో ఆ మాట అలాగే ఉందా? నాకు చూపించకు, నువ్వే చూసుకో."

కూతురు విసురుగా ఫైలు తెరిచింది. ఆ పేజీ రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడింది. టైలరు షాపన్న మాట అందులో లేదు.

ఎందుకుంటుంది? ములాఖత్ గదిలో మాస్టారు టైలరు షాపనే అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె వెతుక్కుంటూ వెళ్తే, ఆ షాపు మీద పైగది కాదు కదా, రేకుల కప్పు తప్ప ఇంకేం లేదు. మర్నాడు మాస్టారి భార్య తల కొట్టుకుంది. "అదెప్పుడో పదేళ్ళ కిందట అద్దెకున్న వీధమ్మా. జైల్లో పడ్డాక మనిషికి ఏదీ గుర్తుండటం లేదు" అని అసలు చోటు చూపించింది. ఫైల్లో రాసుకున్నది ఆ తరవాతే, ఆ అసలు చోటే.

"నాన్నా," అంది మెల్లగా. "నువ్వడిగిన గది లోకంలోనే లేదు. అది మాస్టారు పొరపాటున అన్న మాట. నేనెక్కడా రాయలేదు, మాస్టారి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడకైతే అసలు చోటే తెలుసు. అప్పుడా ములాఖత్ గదిలో మేమిద్దరమే ఉన్నాం."

చెప్పకూడదన్న మాట ప్లీడరు గారి నోటివెంటే వచ్చేసింది.

"ఇన్‌స్పెక్టరు మూసిన కవర్లో పంపాడు. నమ్మదగిన సమాచారం అని టైపు చేసుంది."

"ఎవరిచ్చారని అడగలేదా?"

"అడగలేదు."

"ఎందుకని?"

ఆయన లేచి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. కాసేపటికి లోపలినుంచి ఫోన్లో గుసగుసగా మాటలు వినిపించాయి.

"చూశావా? పోలీసుల్ని జాగ్రత్తపడమని చెప్తున్నాడు," అంది కూతురు.

తల్లి ఈసారి ఆయన్ని వెనకేసుకు రాలేదు. అది చూసి కూతురికి ఇంకా భయం వేసింది.

పదకొండింటికి కోర్టు కిటకిటలాడుతోంది. మాస్టారు బోనులో చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. వెనక వరసలో ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలేసుకుని ధీమాగా కూర్చున్నాడు. ప్లీడరు గారు అతని వంక చూసి తలాడించినట్టు అనిపించింది కూతురికి. అంతే, అంతా కూడబలుక్కున్నారు అనుకుంది. ఆయన లేచారు.

"అయ్యా, నిన్నటి నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సమాచారం ములాఖత్ గదిలో ముద్దాయీ వకీలూ మాట్లాడుకున్నది దొంగతనంగా విని రాసింది. పొద్దున్న ఫోన్లో ఇన్‌స్పెక్టరు గారిని అడిగాను. 'మీకెందుకు సార్ అవన్నీ, పనైందిగా' అన్నారు. ఆయనకి ఇష్టం లేకపోయినా ఈ మాట కోర్టుకి చెప్పకుండా ఉండలేను. నిర్బంధాన్ని నేనిక సమర్థించలేను."

"ఈ మాటతో మీ పదవి పోతుంది, తెలుసుగా?" అన్నారు జడ్జిగారు.

"తెలుసయ్యా. పొద్దున్నే మా ఆవిడకి చెప్పాను. ఇంకా కూర్చున్నారేం, బయల్దేరండి అంది."

కోర్టు హాల్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఇన్‌స్పెక్టరు కాలు దించేశాడు. అరగంటలో మాస్టారి విడుదలకి ఉత్తర్వు, ములాఖత్ గది మీద విచారణకి ఇంకో ఉత్తర్వు వచ్చాయి.

వరండా చివర బెంచీ మీద ప్లీడరు గారు ఒక్కరే కూర్చున్నారు. తోటి ప్రభుత్వ వకీళ్ళు చూసీ చూడనట్టు దాటిపోతున్నారు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"తప్పయిపోయింది నాన్నా. నిన్ను దొంగని చేసేశాను."

"దొంగనైనా బాగుండేదమ్మా. ఏం తీశాడో దొంగకి తెలుస్తుంది." ఆయన గౌను విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎందుకడగలేదన్నావే. అడిగితే కేసు పోతుందని. ఇరవై రెండేళ్ళుగా అలాంటి కవర్లు వస్తూనే ఉన్నాయి. ఇవాళ నువ్వు ఒక్కటి పట్టుకున్నావు."

ఓదార్చాలని వచ్చిన కూతురు కాస్త పక్కకి జరిగింది. ఇంట్లో తన పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి ఈయనే.

"అలా ఎంతమంది లోపలికెళ్ళారు?"

"నాకు గుర్తున్నవాళ్ళు పదకొండు మంది. ముగ్గురు ఇంకా లోపలే ఉన్నారు తల్లీ." ఆ మాటతో ప్లీడరు గారు ముఖం గౌనులో దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. తండ్రి ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. కోపం పోలేదు గానీ, దానితోపాటే ఆమెకీ కళ్ళు నిండాయి. ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో ఒళ్ళోని ఫైలు తిరగేసి అట్ట మీద పెన్ను పెట్టింది.

"ముందు లోపలున్న ముగ్గురూ. ఇంటిపేరుతో సహా చెప్పు నాన్నా."

ఆయన కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టారు.