'పంపినవి' అనే కాలమ్

"కుక్క ఎక్కడ?" అంది ఆమె.

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల వాన తప్ప ఏమీ లేదు.

"నా దగ్గర కుక్క లేదండీ."

"వదిలేసి పోవడానికి వచ్చేవాళ్లంతా మొదట ఇదే చెప్తారు. బండిలో ఉంచారా, గేటుకి కట్టేశారా?"

"నిజంగానే లేదు. నేనొక్కడినే వచ్చాను."

"అయితే మిమ్మల్నే ఎవరో వదిలేసి పోయారన్నమాట. ఎవరి తాలూకు?"

"రూల్స్ సెక్షన్ తాలూకు" అంటూ చంకలో ఉన్న ఫైలు బయటికి తీశాడు. దానికి తన రెయిన్‌కోటు చుట్టి ఉంది. అతను మాత్రం జుట్టు నుంచి మేజోళ్ల దాకా తడిసి ముద్దయిపోయాడు.

ఆమె ఫైలు వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది. "ఫైలుకి కోటు తొడిగి మీరు తడిశారా?"

"ఫైలు గవర్నమెంటుదండీ. నేను నా సొంతం."

ఆమె పెదవి ఓ పక్కన కొంచెం కదిలింది. అది నవ్వో, పంటి నొప్పో అతనికి అర్థం కాలేదు. కానీ ఆ క్షణం నుంచీ అది నవ్వే అయ్యుండాలని గట్టిగా కోరుకోవడం మొదలుపెట్టాడు.

అది మున్సిపాలిటీ నడిపే జంతువుల షెల్టర్. ఆమె అక్కడ డాక్టరు, ఇన్‌చార్జి, అవసరమైతే నేల కడిగే మనిషి కూడా. ఆమె కాక అక్కడ ఉన్నది బాబాయ్ ఒక్కడే. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు, ఇరవై ఆరేళ్లుగా అందరికీ బాబాయే. బోన్లు నలభై, కుక్కలు అరవై మూడు. బ్లీచింగ్ పౌడరు వాసన, తడి దుప్పట్ల వాసన, నెల రోజులుగా వదలని వాన. ప్రతి బోను మీదా సుద్దముక్కతో రాసిన తేదీ, అంటే ఆ కుక్క వచ్చిన రోజు.

ఇరవై రెండేళ్ల కిందట రాసిన జంతు నియంత్రణ నిబంధనల్ని కొత్తగా రాయమని అతన్ని పంపించారు. మొదటి రోజే బాబాయ్ అతనికి 'రూల్స్' అని పేరు పెట్టేశాడు.

"తొమ్మిదో రూలు చూడండి" అన్నాడు అతను, రెండో రోజు. "ఊరి పరిధిలో గాడిదల్ని వాద్యాలు మోగించి బెదిరించరాదంట. తీసేయనా?"

"ఉంచండి" అంది ఆమె, ఓ కుక్క చెవిలో మందు వేస్తూ. "గాడిదల వైపు మాట్లాడే రూలు అదొక్కటే."

"మరి పద్నాలుగు? తప్పిపోయి దొరికిన కుక్కని యజమాని కోసం పది రోజులు ఉంచాలి, ఆ తర్వాత షెల్టర్ ఇష్టం అని ఉంది."

ఆమె మందు సీసా మూత పెట్టింది. మూత సరిగ్గా పట్టలేదు, మళ్లీ తిప్పింది. "పది రోజులు ఈ బోనులో ఉంటే మనిషికైనా పిచ్చెక్కుతుంది" అంది.

అతను ఆ మాట డైరీలో రాసుకున్నాడు. నిజానికి ఆమె ఏమన్నా రాసుకునేవాడు. డైరీలో రూల్స్ కంటే ఆమె మాటలే ఎక్కువైపోయాయి.

రాత పని ముగింపుకొచ్చిన వారం మూడో బోనులోకి వచ్చిన ఓ గోధుమరంగు కుక్క ఎవరొచ్చినా మూలకి నక్కి వణికేది. ఎదురుగా నిలబడి 'రా రా' అని పిలుస్తున్న అతన్ని ఆమె భుజం పట్టుకుని పక్కకి తిప్పింది.

"అలా కళ్లలోకి చూడకండి. పక్కకి తిరిగి కింద కూర్చోండి. మీకు దాంతో పనే లేదన్నట్టు ఉండండి. దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే వస్తుంది."

అతను తడి నేల మీద కూలబడ్డాడు. "ఇది కుక్కలకేనా, డాక్టర్లకి కూడా పనిచేస్తుందా?"

"డాక్టర్లు కరుస్తారు."

కాస్సేపటికి అతని మోచేతి దగ్గర చల్లగా ఓ ముక్కు తగిలింది. వెనక ఆమె ఊపిరి బిగబట్టినట్టు వినిపించింది. అతను కదల్లేదు. ముక్కు కోసమా, ఊపిరి కోసమా అంటే చెప్పలేడు.

అంతా బాగానే ఉంది గానీ, శుక్రవారాలు మాత్రం ఆమె అతనికి అంతుపట్టలేదు. శుక్రవారం ఆమె మాట్లాడదు. రెండింటికి వెనక గదిలోకి వెళ్తుంది, తలుపు వేసుకుంటుంది. సాయంత్రం వెనక సందులోకి మూసేసిన వ్యాను ఒకటి వచ్చి పోతుంది. అతని టేబులు ముందు గదిలో, అందుకే చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు.

"ఈవారం ఎనిమిది పంపించేశాం బాబూ" అన్నాడు బాబాయ్ ఓ శుక్రవారం, నేల చూస్తూ.

సాకిన చేతులు కదా, దూరమైతే బాధ ఉండదా అనుకున్నాడు అతను. రెండు కాఫీలు కొని, వాటిని వానకి అడ్డం పెట్టుకుంటూ ఆమె దగ్గరికి పరుగున వెళ్లాడు. ఆమె వెనక గది బయట గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఎనిమిదంట కదా. కంగ్రాట్స్ మేడమ్."

ఆమె అతని వైపు చాలాసేపు చూసింది. కప్పు తీసుకుంది, తాగకుండా పిట్టగోడ మీద పెట్టింది. అందులో వాన చినుకులు పడుతున్నాయి.

"మీరు రేపు రండి" అంది.

రేపు శనివారం, సెలవు. పొమ్మని చెప్పడానికి ఇంత మర్యాద ఎందుకో, తను చేసిన తప్పేంటో ఇంటికి వెళ్లేదాకా ఆలోచించాడు. తేలలేదు.

*

డ్రాఫ్టు పూర్తయింది. నలభై పేజీలు, నీలం అట్ట. పై ఆఫీసు నుంచి కౌన్సిలర్లందరికీ కాపీలు వెళ్లిపోయాయి, మీటింగు గురువారం. బుధవారం మధ్యాహ్నం ఓ కాపీ పట్టుకుని షెల్టర్‌కి వచ్చాడు. ప్రేమలేఖ తెచ్చేవాడు కూడా అంత అపురూపంగా పట్టుకోడు.

"పద్నాలుగో రూలు చూడండి. మీ కోసమే."

ఆమె అట్ట తిప్పింది. చదివింది. మళ్లీ చదివింది.

"ఐదు రోజులు" అంది.

"అవును. మీరే అన్నారుగా, పది రోజులు బోనులో ఉంటే పిచ్చెక్కుతుందని. ఇళ్లు అంత బాగా దొరుకుతున్నప్పుడు ఊరికే పది రోజులు బంధించడం ఎందుకు? సగం చేశాను."

"ఇళ్లు దొరుకుతున్నాయని ఎవరు చెప్పారు?"

"మీ రిజిస్టరే. 'వచ్చినవి' ఒక కాలమ్, 'పంపినవి' ఒక కాలమ్. ఏడాదిలో నాలుగొందల పన్నెండు పంపించారు. ఆ ముక్కే డ్రాఫ్టుతో పెట్టిన నోట్‌లో రాశాను. సూపరింటెండెంట్ గారు కూడా భేష్ అన్నారు."

దూరంగా బాబాయ్ చేతిలో బకెట్టు కింద పెట్టాడు.

"యాభై ఆరు ఇళ్లకి వెళ్లాయి" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది, దానికే భయం వేసింది అతనికి. "మిగతావి ఆ గదిలోంచి వెళ్లాయి. నా చేత్తోనే ఇంజెక్షను ఇచ్చాను. ఇక్కడ పంపించడం అంటే అది."

అతనికి ఒక్కొక్కటే తట్టడం మొదలైంది. మూసిన తలుపు. మూసిన వ్యాను. పిట్టగోడ మీద కాఫీ కప్పు.

"నేను కంగ్రాట్స్ అన్నాను" అన్నాడు.

"అన్నారు."

"మీరేం అనలేదు."

"వెటకారం అనుకున్నాను. తర్వాత, ఇతనికి తెలియదేమో అని కూడా అనిపించింది. చెప్పాలంటే నోరు రాలేదు."

బాబాయ్ దగ్గరికొచ్చాడు. "ఆ మాట నేనే మొదలుపెట్టాను బాబూ. పొద్దున అన్నం పెట్టిన వాటిని సాయంత్రం ఫలానా చేశాం అని రాయలేక."

"నేను చేరిన కొత్తలో సరైన మాటే రాశాను" అంది ఆమె. "రెండు నెలలు రాశాక చెయ్యి ఆడలేదు. నేనూ బాబాయ్ మాటలోకే వచ్చాను. అంత మెత్తగా రాసింది మేమే. మీరు మెత్తగానే చదివారు."

వాన రేకుల మీద బాదుతోంది. మూడో బోనులోని కుక్క అతన్ని చూసి తోక ఊపింది. అతను ఆ బోను మీది తేదీ చూశాడు. ఏడో రోజు.

"రేపు ఇది పాసైతే?"

"ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య ఇరవై ఒక్క కుక్కలున్నాయి. గడువు దాటినా బోన్లు ఎందుకు ఖాళీ చేయలేదని ఎల్లుండే అడుగుతారు. ఎల్లుండి శుక్రవారం."

"ఆపుతాను."

"ఎలా? కాపీలు పంచేశారు."

"మీటింగులోనే లేచి చెప్తాను, నోట్ తప్పని."

"మీ సూపరింటెండెంట్ మిమ్మల్ని పంపించే..." అని ఆగిపోయింది.

బాబాయ్ వెళ్లి బకెట్టు మళ్లీ అందుకున్నాడు.

*

గురువారం పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ మూడుసార్లు ముడి తప్పాడు. అతనుండేది అక్కతో. అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏంట్రా, పెళ్లిచూపులకా?"

"తప్పు ఒప్పుకోవడానికి."

విషయమంతా విన్నాక అక్క మొహంలో నవ్వు పోయింది. "ఉద్యోగం పోతుందా?"

"పోదు. సెక్షన్ పోతుంది. ప్రమోషన్ సంగతి మర్చిపోవాలి."

"ఆ డాక్టరమ్మాయి?"

"ఆవిడ సాకే కుక్కల్ని చంపే రూలు రాసి గిఫ్టు అని చేతికిచ్చానక్కా. ఇంకేం మిగులుతుంది?"

అక్క వంగి అతని లేసు తనే కట్టింది. "మిగిలేదాని సంగతి తర్వాత చూద్దాం. ముందు నత్తి లేకుండా మాట్లాడు. నీకు భయమేస్తే నత్తి వస్తుంది."

*

పదిహేడో అంశం వచ్చేసరికి హాల్లో సగం మంది ఆవలిస్తున్నారు. చైర్‌పర్సన్ మేడమ్ కళ్లజోడు సవరించుకుని, "జంతు నియంత్రణ నిబంధనలు. అభ్యంతరాలు లేకపోతే..." అంది.

"ఉన్నాయండీ."

లేచింది నోట్ రాసినవాడే. పక్కనుంచి సూపరింటెండెంట్ చొక్కా అంచు పట్టి లాగాడు. "కూర్చోవయ్యా, నీ నోట్‌కి నువ్వే అభ్యంతరమేంటి?"

"న-నా నోట్ తప్పు" అన్నాడు. నత్తి వచ్చేసింది. ఊపిరి పీల్చుకున్నాడు. "నాలుగొందల పన్నెండు కుక్కలు ఇళ్లకి వెళ్లాయని రాశాను. వెళ్లినవి యాభై ఆరు. మిగిలిన మూడొందల యాభై ఆరుని చంపాం. రిజిస్టర్లో 'పంపినవి' అని ఉంటే నాకు అర్థం కాలేదు. దాని మీదే పది రోజుల్ని ఐదు చేశాను. పాస్ చేయకండి."

ఆ హాల్లో 'చంపాం' అనే మాట అంతకు ముందు ఎవరూ అని ఉండరు. ఆవలింతలు ఆగిపోయాయి.

"తప్పు ఎవరిది?" అంది చైర్‌పర్సన్.

"నాదండీ."

"నాది కూడా." చివరి వరసలో డాక్టరు లేచి నిలబడింది. పక్కన బాబాయ్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఆ రిజిస్టర్ నేనే రాస్తాను. సరైన మాట రాయలేకపోయాను."

"సరే, ఐదు రోజులైతే వచ్చే నష్టమేంటి? కుక్క కావాలనుకున్నవాడు ఐదు రోజుల్లో రాడా?" అంది చైర్‌పర్సన్.

"పోయిన నెల ఒకావిడ తొమ్మిదో రోజున వచ్చింది మేడమ్" అంది డాక్టరు. "ఆసుపత్రిలో ఉందట. డిశ్చార్జి చేస్తే ఇంటికి కూడా పోకుండా, చేతికి ప్లాస్టరుతోనే వచ్చింది. ఆవిడ గొంతు వినగానే కుక్క బోను తలుపెక్కేసింది. ఐదు రోజుల రూలు ఉండి ఉంటే నేను ఆవిడకి ఏం చూపించాలి? రిజిస్టరా?"

చైర్‌పర్సన్ పెన్ను తీసి పద్నాలుగో రూలు దగ్గర ఏదో కొట్టేసింది.

పది రోజులు పదిగానే ఉండిపోయాయి. పదిహేను చేయమని డాక్టరు అడిగింది. చోటు లేదు, కుదరదన్నారు. చంపినవాటిని ఇకపై చంపినవని విడిగా రాయాలన్నారు. తొమ్మిది నిమిషాల్లో పద్దెనిమిదో అంశానికి వెళ్లిపోయారు.

మెట్ల దగ్గర సూపరింటెండెంట్ చెప్పాడు, "రేపటి నుంచి నువ్వు రికార్డు రూము." రికార్డు రూముకి కిటికీ కూడా లేదు.

అతను ఆమె కోసం చుట్టూ చూశాడు. కుక్కలకి మందుల టైమైందని అప్పటికే వెళ్లిపోయింది.

*

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి ఒకటిన్నరకి షెల్టర్‌కి వచ్చాడు. బాబాయ్ గేటు తీశాడు.

"పొద్దున ఒకటి ఇంటికి పోయింది బాబూ. మూడో బోనుది. దాని మనుషులు వచ్చారు. నడిచి పోయింది, నేను చూశాను." ఏ మాట వాడితే ఏం అర్థమవుతుందో అన్నట్టు ఆయన ఒక్కో ముక్కా ఆచితూచి చెప్పాడు. "ఇవాళ లోపలికి మూడు. వాటికి పది రోజులు దాటిపోయాయి."

ఆమె వెనక గది గుమ్మంలో ఉంది. "రూల్స్ సెక్షన్‌కి ఇక్కడ పనైపోయిందిగా."

"నేనిప్పుడు రికార్డు రూమండీ."

"మరి ఎందుకొచ్చారు?"

"లోపలికి వస్తాను."

"చూడలేరు."

"మీరూ చూడలేరనే నాకు అనిపిస్తోంది. అయినా ఒక్కరే చూస్తున్నారు."

ఆమె వద్దనలేదు, రమ్మననూ లేదు. తలుపు తెరిచి ఉంచింది.

మొదటిది గుడ్డి ముసలి కుక్క. అతను పక్కకి తిరిగి కూర్చుని దాని తల ఒళ్లోకి తీసుకున్నాడు. ఆమె దాని చెవిలో ఏదో చెప్పింది, చిన్నపిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు చెప్పేలాంటి మాటలు. తర్వాత ఒళ్లో బరువు మారింది. అంతే. మూడుసార్లు అలా జరిగింది. మూడోసారి ఆమె చెయ్యి వణికితే అతను మణికట్టు కింద తన అరచెయ్యి ఆసరాగా పెట్టాడు.

వ్యాను వెళ్లిపోయింది. ఇద్దరూ బస్ స్టాపులో రేకు కింద నిలబడ్డారు. చేతులు ఎంత కడిగినా సబ్బు వాసన కింద ఇంకో వాసన ఉండిపోయింది.

"సంబంధం అంటూ వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతారు" అంది ఆమె, రోడ్డు చూస్తూ. "పెళ్లయ్యాక ఈ ఉద్యోగం మానేస్తావుగా అని. నేను మానేస్తే ఆ గదిలోకి వాటితో మాట్లాడనివాళ్లు వస్తారు. అందుకని మానను. వారానికి ఒక రోజు నేను మనిషిలా ఉండను. మీకు ముందే చెప్తున్నాను."

"నేను అది అడగను."

"మరేం అడుగుతారు?"

"శుక్రవారం ఎన్నింటికి రమ్మంటారు అని."

ఆమె నవ్వబోయింది, అది మధ్యలోనే ఏడుపైపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. అతను ఎదురుగా వెళ్లి నిలబడలేదు. పక్కనే, రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఒక బస్సు వచ్చి పోయింది. ఇంకోటి కూడా పోయింది. చాలాసేపటికి అతని భుజం మీద ఓ తల వచ్చి ఆనింది.

"రెండింటికి" అంది.

"సరే."

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా నువ్వు?"

ఆ 'నువ్వు' అతని చెవిలో పడి లోపలికి దిగడానికి కొంచెం టైము పట్టింది.

"లేదు" అన్నాడు.

"నేనూ తినలేదు. పద."