ఆకుపచ్చ పట్టీ

2079లో కాకినాడ బీచ్ రోడ్డు మీద సాయంత్రం ఎదురైనవాళ్ళని పలకరించే ముందు ఎడమ భుజం వంక చూడాలి. అక్కడ ఆకుపచ్చ పట్టీ వెలుగుతుంటే లోపల మనిషి లేడని అర్థం. ఒళ్ళు మాత్రమే నడకకి వచ్చింది. మనిషి ఏ మీటింగులోనో, కోర్టు వాయిదాలోనో తలమునకలై ఉంటాడు. కొందరు పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ "బావున్నారా?" అని అడిగేసి, జవాబు రాక నొచ్చుకుని, తర్వాత పట్టీ చూసి నాలిక్కరుచుకునేవారు.

ఈ ఏర్పాటు పేరు దేహసారథి. కనిపెట్టింది డాక్టర్ ముప్పిడి కస్తూరి. కనిపెట్టడానికి కారణం ఆవిడ మొగుడు.

కోదండపాణికి సముద్రం అడుగున ఉద్యోగం. అలాగని ఆయన నీళ్ళలోకి దిగడు. తీరానికి చాలా దూరంలో, బాగా లోతున, పీతలా పాకే యంత్రం ఒకటి కరెంటు తీగల్నీ పైపుల్నీ చూసుకుంటూ తిరుగుతుంది. ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చుని నాడీబంధం తగిలించుకోగానే చూపూ, వినికిడీ, చేతి నేర్పూ ఆ పీతలోకి వెళ్ళిపోతాయి. నాడీబంధం అనేది శాస్త్రవేత్తల మాట, జనం లింకు అంటారు. లింకులో ఉన్నవాణ్ణి బయటినుంచి లాగకూడదు, నరాలు దెబ్బతింటాయి. తనంతట తనే రావాలి. వచ్చేదాకా ఒళ్ళు కుర్చీలో బట్టల మూటలా పడి ఉంటుంది. ఆ కాలంలో ఊళ్ళో సగం ఉద్యోగాలు ఇలాంటివే.

కోదండపాణికి ఆ పనంటే ప్రాణం. భోజనానికి ఫోన్ చేసి పిలిస్తే లింకులోంచే జవాబిచ్చేవాడు. "ఈ ఒక్క పైపూ చూసి వచ్చేస్తాను. నువ్వు తినెయ్యి." ఆ ఒక్క పైపూ ఎంతకీ అయ్యేది కాదు. లేచాక ఆకలి మీద ఏది కనిపిస్తే అది తినేవాడు. నలభై దాటకముందే షుగరు వచ్చింది. డాక్టర్లు నడవమన్నారు, కొర్రలు తినమన్నారు. ఆయన కాదనలేదు. రేపటి నుంచి అన్నాడు.

ఆ రేపు రాదని కస్తూరికి తెలుసు. ఒళ్ళు ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, మనిషితో పని లేకుండా దాన్నే నడిపిస్తే పోలేదా అనుకుంది. మెడ వెనక ఆవగింజంత చిప్ అమర్చింది. మనిషి లింకులో పనిచేసుకుంటుంటే ఆ చిప్ వెన్నుపాము పగ్గాలు పట్టుకుంటుంది. ఒంటిని లేపి, బీచ్ దాకా నడిపించి, నాలుగు కసరత్తులు చేయించి, డబ్బాలో పెట్టిన కొర్రన్నమూ ఉడికించిన బీరకాయా తినిపించి, తెచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చోబెడుతుంది. మనిషికి ఆయాసమూ తెలియదు, చప్పిడి కూడూ తెలియదు. ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి రకం సారథికి నొప్పి తెలిసేది కాదు. మడమ బెణికినా ఆపకుండా పరుగెత్తించి ఒకాయన మోకాలు పాడుచేసింది. కడుపు నిండినా డబ్బా ఖాళీ అయ్యేదాకా కుక్కింది. అందుకని రెండో రకంలో కస్తూరి ఒక మార్పు చేసింది. ఎవరి సారథికి వాళ్ళ మెదడులోంచే ప్రతి తీసి ఎక్కించింది. నొప్పి, ఆకలి, రుచి, అలసట, విసుగు, అన్నీ. దీనికి ప్రతిమనసు అని పేరు పెట్టింది. జ్ఞాపకాలు కూడా ఎక్కించక తప్పలేదు, అవి లేకపోతే విసుగు సరిగ్గా పనిచేయదని తేలింది. ఆ తర్వాత మోకాళ్ళు పాడవలేదు. ఊరంతా పట్టీ కట్టింది.

అంతా బాగానే ఉంది, కోదండపాణి కన్ను తప్ప.

కంటి డాక్టరు రెటీనా ఫొటో చూపించి మెత్తగానే చెప్పింది. కంటి వెనక సన్నని రక్తనాళాలు కారుతున్నాయి. షుగరు తగ్గకపోగా పెరిగింది. వచ్చే పరీక్షకి దిగిరాకపోతే లింకు లైసెన్సు ఇవ్వరు. చూపు సంగతి కూడా తను హామీ ఇవ్వలేనంది.

ఇంటికి రాగానే దెబ్బలాట మొదలైంది.

"మీరు దొంగచాటుగా తింటున్నారు," అంది కస్తూరి.

"ఎప్పుడు తింటాను? నా ఒళ్ళు నా చేతిలో ఉంటే కదా! రోజూ నడుస్తున్నానా లేదా, నువ్వే చెప్పు."

"సారథిని అడిగితే రోజూ 'అయింది' అనే చెప్తోంది."

"మరింకేం? లోపం నీ యంత్రంలోనే ఉంది. పైగా ఆ కొర్రలు నాకు పడట్లేదు. సాయంత్రమయ్యేసరికి ఒకటే పుల్లటి తేన్పులు."

కస్తూరి ఠక్కున ఆగింది. పుల్లటి తేన్పులు తనకీ వస్తున్నాయి. సాయంత్రం ల్యాబు మీటింగులుంటాయని ఆవిడా అదే గంటకి పట్టీ కట్టేది. లింకులోంచి లేచాక ఒక్కోసారి వేళ్ళకి వాము వాసన వచ్చేది. కొర్రన్నంలో ఎవరూ వాము వెయ్యరు.

మర్నాడు ఆవిడ మీటింగు ఎగ్గొట్టింది. పట్టీ కట్టుకోకుండా, భర్త ఒంటి వెనకాలే కాస్త ఎడంగా నడిచింది. గేటు దాటి వీధి చివరి వరకూ ఆ ఒళ్ళు బుద్ధిగా చేతులూపుతూ వెళ్ళింది. బీచ్ రోడ్డు మలుపు తిరగ్గానే నడక నెమ్మదించింది. చేతులు వెనక్కి కట్టుకుంది. తిన్నగా వెళ్ళి నూకరాజు బజ్జీల బండి ముందు బెంచీ మీద చతికిలబడింది.

బెంచీలన్నిటి మీదా ఆకుపచ్చ పట్టీలే. ఊళ్ళో లాయర్లూ, లెక్చరర్లూ, బ్యాంకు మేనేజర్లూ కాళ్ళు చాపుకుని మిరపకాయ బజ్జీలు తింటూ, మధ్యలో కాజాలు చప్పరిస్తూ, హాయిగా లోకాభిరామాయణం మాట్లాడుకుంటున్నారు. బండి వెనక నూకరాజు ఒక్కడే ఎవరిదో డబ్బా విప్పి కొర్రన్నం తింటున్నాడు. మనిషి సన్నబడి నిగనిగలాడుతున్నాడు.

"ఆయ్, రండమ్మగారూ," అన్నాడు కస్తూరిని చూసి. "అయ్యగారు మీక్కూడా ప్లేటు చెప్పేశారండి."

నిజంగానే బెంచీ మీద రెండు ప్లేట్లున్నాయి. కోదండపాణి మొహం తలెత్తి నవ్వింది. "ఆలస్యమైందేం? చల్లారిపోతున్నాయని..." అంటూ ఆవిడ భుజం చూసి ఆగిపోయింది. "ఓహో, నువ్వా! పట్టీ లేదేం?"

"ఎవరనుకున్నావు?"

"నీ సారథి అనుకున్నాను. రోజూ ఇక్కడే కదా కూర్చుంటాం."

కస్తూరికి ఒళ్ళు మండిపోయింది. "నిన్ను తయారుచేసింది నడవడానికి!"

"అరవకు, అందరూ చూస్తున్నారు. ముందు కూర్చో," అంది సారథి. గొంతు కోదండపాణిదే, ఆ నచ్చజెప్పే ధోరణీ ఆయనదే. "మొదట్లో నడిచాను, లేదని కాదు. కానీ నాకు ఆయన మోకాళ్ళ నొప్పి ఇచ్చావు. ఆయన నాలుక ఇచ్చావు, విసుగూ ఇచ్చావు. ఆయనకైతే మనసుకి నచ్చిన పనైనా ఉంది. నాకు రోజు మొత్తానికీ ఉన్నది ఈ ఒక్క గంట. ఆయనకి గిట్టనివన్నీ ఏరి ఈ గంటలో నా నెత్తిన పెట్టారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

"అయితే అబద్ధం చెప్తావా, అయిందని?"

"ఆయన చెప్పడూ?"

కస్తూరి బెంచీ మీది రెండో ప్లేటు దూరంగా నెట్టింది.

"రేపటి నుంచి నడుద్దామనే ఉంది," అంది సారథి. "అదీకాక మేమందరం కలిసి మీ ల్యాబుకి అర్జీ పంపాం. తలో ఉపసారథిని ఇప్పిస్తే ఈ నడకా, ఈ కొర్రలూ వాళ్ళకి అప్పజెప్పేసి..."

"చాల్లే, ఊరుకో!"

ఆవిడ బెంచీ చివర కూలబడింది. కోపం చల్లారాక దాని కింద దాక్కున్న భయం పైకి వచ్చింది. "ఆ కన్ను పోతుంది. తెలుసా నీకు?"

సారథి చేతిలో బజ్జీ పక్కన పెట్టింది. "తెలియకేం? నేను చూసేదీ ఆ కంటితోనేగా. భయమేస్తోంది కస్తూరీ. ఆయనకీ వేస్తోంది, నీతో చెప్పడానికి తీరికేదీ? నేను రోజూ నీ సారథితో చెప్పుకుంటాను."

"అదేమంటుంది?"

"ఏడుస్తుంది. కాసేపయ్యాక ఇంకో బజ్జీ తినమంటుంది."

కస్తూరికి దుఃఖం ముంచుకొచ్చింది. తను ఏడవాల్సిన ఏడుపంతా తన ఒళ్ళు ఈ బెంచీ మీద కూర్చుని, తనకి తెలియకుండా ఏడ్చేస్తోందన్నమాట. మొగుడి పక్కన కూర్చుని ఇలా సాయంత్రం సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో గుర్తు కూడా రాలేదు.

"ఒక ఉపాయం ఉంది," అంది సారథి మెల్లిగా. "నన్ను సముద్రంలోకి పంపించు. ఆ పని నాకొచ్చు. నాకూ అదంటే ప్రాణమే. ఆ గంటసేపూ ఆయన ఒంటిని ఆయనే నడుపుకుంటాడు."

ఇంటికెళ్ళి చెప్తే కోదండపాణి బజ్జీల మాట రాగానే పడీ పడీ నవ్వాడు. అర్జీ సంగతి విని కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఉపాయం వినగానే మొహం మాడిపోయింది.

"నా పనా? ఆ చిప్‌కా? దానివల్ల కాదు."

"అది మీరేనండీ. మీకొచ్చిందల్లా దానికీ వచ్చు."

"అయినా సరే. నా పని నేనే చెయ్యాలి."

"కాళ్ళిచ్చేశారు. నాలుకిచ్చేశారు. ఆకలి కూడా ఇచ్చేశారు. ఒక్కసారైనా వద్దనలేదు. పని దగ్గరకొచ్చేసరికి ఇంత విలవిల్లాడతారేం?"

"నీ ల్యాబు ఇస్తావా నువ్వు, నీ సారథికి?"

కస్తూరికి ఇవ్వాలని లేదు. ఒక్క గంటకైనా ఇవ్వాలని లేదు. అది ఆవిడ మొహంలోనే తెలిసిపోయింది కాబోలు, ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు.

"మన సారథులిద్దరూ అక్కడ కూర్చుని ఏం మాట్లాడుకుంటారట?" అని అడిగాడు.

ఆవిడ చెప్పింది. కన్ను గురించీ, భయం గురించీ, ఏడుపు గురించీ దాచకుండా చెప్పింది.

"ఇస్తానులే. ఒక్క గంటే," అన్నాడు.

"నేనూ ఇస్తాను," అంది కస్తూరి.

మర్నాడు సాయంత్రం కస్తూరి లింకుని మెడ వెనక చిప్‌లకి కలిపింది. సారథులు రెండూ పనిలోకి వెళ్ళాయి, ఒకటి సముద్రంలోకి, ఇంకొకటి ల్యాబు మీటింగులోకి. మనుషులిద్దరూ భుజాన పట్టీ లేకుండా బీచ్ రోడ్డెక్కారు. బజ్జీల బండి దగ్గరకి రాగానే వాళ్ళ కాళ్ళు వాటంతటవే ఆగాయి. నూకరాజు ప్లేటు అందుకోబోతుంటే కస్తూరి భర్త చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"డబ్బా ఇవ్వరాండీ ఈవేళ?" అని వెనకనుంచి దిగులుగా అడిగాడు నూకరాజు.

కొంత దూరం నడిచి, ఆయాసం వచ్చాక గట్టు మీద కూర్చున్నారు. కోదండపాణి డబ్బా విప్పి కొర్రన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దాన్ని ఆయన తనకి తెలిసి తినడం అదే మొదటిసారి.

"ఇంత చప్పగా ఉంటుందా! పాపం, సారథి తప్పేం లేదు."

"తినండి. రేపు కాస్త గోంగూర పచ్చడి పెడతాను."

ఆయన తిన్నాడు. ముద్దకీ ముద్దకీ మధ్య సముద్రం వంక చూశాడు, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి.

"నాకు భయంగా ఉంది కస్తూరీ," అన్నాడు.

సారథి చెప్పిన మాటే అది. అయినా ఆయన నోట వినేసరికి ఆవిడ ఏడ్చింది. ఈసారి తనకి తెలిసే ఏడ్చింది. ఇంకో ముద్ద తినమంది.

గంట గడిచింది. కోదండపాణి హుషారుగా లేచి లింకుకి ఫోన్ కలిపాడు. "ఇంక వచ్చెయ్యి. నా పని నాకిచ్చెయ్యి."

సముద్రం అడుగునుంచి ఆయన గొంతే బదులిచ్చింది. "ఈ ఒక్క పైపూ చూసి వచ్చేస్తాను. మీరు తినెయ్యండి."

కస్తూరి తన సారథికి కలిపింది. "మీటింగు మధ్యలో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను," అని అది పెట్టేసింది.

కోదండపాణి ఫోన్ వంక చూస్తూ అలాగే నిలబడిపోయాడు. "ఇన్నేళ్ళూ నేను నీకు చెప్పింది ఇదేనా?"

"రోజూ."

"రేపటి నుంచైనా తొందరగా వస్తుందేమో?"

"రాదండీ," అంది కస్తూరి. "నడవండి."