ఉత్తర ద్వారానికి హితసభ అనుమతి

గుండ్లకమ్మ యేటి గట్టున నల్లరాతి గుట్ట మీద, మూడు ప్రాకారాలతో మింటినంటుతున్నట్లు నిలిచిన కొలనుగిరి దుర్గాన్ని పడమటి మండలేశ్వరుడైన చిక్కరాయడు తన సమస్త బలగంతో చుట్టుముట్టి కూర్చున్న ఆ వైశాఖ మాసంలో, కోటలోని జనానికి భయం కూడా పాతబడిపోయింది. శత్రువుల రాళ్ళ యంత్రం బండను విసిరిన తొలిరోజుల్లో ఆడవాళ్ళు కెవ్వుమనేవారు, ముసలివాళ్ళు నరసింహస్వామిని తలుచుకునేవారు. ఇప్పుడు బండ పడితే, పడినచోటు తమ ఇల్లు కాదని చూసుకుని మళ్ళీ తిరగలి ముందు కూర్చుంటున్నారు. అరవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా!

అటువంటి కోటకు ప్రభువు గన్నభూపతి. మంచివాడు. అంతటితో ఊరుకుంటే నాకూ సుఖం, వినేవారికీ సుఖం. కాని ఆయన సింహాసనమెక్కిన వైనం చెప్పనిదే ఈ కథ ముందుకు కదలదు. అన్నదమ్ముల పోరులో పెద్దవాణ్ణి కాదని చిన్నవాడైన ఈయనకు పట్టం కట్టించడానికి నగరంలోని ఐదుగురు సిరిమంతులు తమ భోషాణాలు తెరిచారు. భటుల జీతాలు వారివి, సామంతులకు పంపిన కానుకలు వారివి, పట్టాభిషేకం నాడు సభలో చిలకరించిన పన్నీరు కూడా వారిదే. ఊరికే ఇస్తారా? ఆ పన్నీరు తడి ఆరకముందే, ప్రభువుకు హితవు చెప్పడానికని 'హితసభ' ఒకటి వెలిసింది. అందులో ఆసనాలు ఐదు, కూర్చున్నవారు ఆ ఐదుగురు. చెరువు తవ్వాలన్నా వారి హితవే, గుడి కట్టాలన్నా వారి హితవే, కత్తి దూయాలన్నా వారి హితవే. వారిలో కత్తి పట్టినవాడు ఒక్కడూ లేడు.

కోట ద్వారాల సుంకం కూడా వారికే గుత్తకు దక్కింది. సుంకం ఎవరిదో, ఆ ద్వారం మీద పెత్తనం వారిది. రాజ్యం చల్లగా ఉన్నన్నాళ్ళు అది ఎవరికీ వింతగా తోచలేదు. ముట్టడి మొదలయ్యాక హితసభ మరొక కట్టడి చేసింది: సభ అనుమతి లేనిదే ఏ ద్వారమూ తెరవకూడదు. ఆ కట్టడి చూసి, 'భేష్, ఎంత జాగ్రత్త!' అని మెచ్చుకున్నవారే ఎక్కువ.

దండనాయకుడు గోనంగి కాటయ నాయకుడు మూడు తరాలుగా ఆ కోటను కాచిన ఇంటివాడు. రాళ్ళ యంత్రాన్ని కాల్చకపోతే తూర్పు గోడ నిలవదని గ్రహించి, మూడు వందల మందితో తెల్లవారుతూనే ఉత్తర ద్వారం గుండా బయటికి వెళ్ళడానికి అనుమతి కోరాడు. హితసభ క్షణంలో ఇచ్చింది. అయితే తిరిగి రావడానికి కూడా అనుమతి అడిగి ఉంచుకోవాలని ఆ మహానుభావుడికి తట్టలేదు. వెళ్ళినవాడు తిరిగొస్తే తలుపు తీస్తారని అనుకున్నాడు! యుద్ధవిద్యలో ఆరితేరినవాడు, సభావిద్యలో పసివాడు.

పొద్దెక్కేసరికి చిక్కరాయడి శిబిరం నడుమ నల్లటి పొగ లేచింది. యంత్రం తగలబడుతోంది! ఎన్నాళ్ళకో కొలనుగిరి వీధుల్లో జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. ఆ పొగను చూస్తూ నిలబడ్డారు గాని, జయజయధ్వానాలు చేయడం మరిచిపోయారు. కాసేపటికి కాటయ నాయకుడు, మిగిలిన తనవారితో, గాయపడినవారిని భుజాలకెత్తుకుని ఉత్తర ద్వారం ముందుకు వచ్చి నిలిచాడు. శత్రువుల గుర్రపుదండు ఇంకా ఏటికి ఆవలే ఉంది. తలుపు తీస్తే అందరూ లోపలికి వచ్చేవారే.

తలుపు తీయలేదు.

కాటయ భార్య మాచసాని ఆ సంగతి విన్న మరుక్షణం రాజసభకు వచ్చింది. ఎప్పుడూ గడప దాటని ఇల్లాలు కాదామె. కాటయ లేని వేళల్లో కాపలా భటులకు అంబలి కాయించి పంపే మనిషి, గోడ మీది ప్రతివాడి పేరూ ఎరిగినది. కొలువులో గన్నభూపతి, పక్కన అయ్యల మంత్రి, ఎదురుగా హితసభ ఐదుగురూ కొలువుదీరి ఉన్నారు. ఆమె చేతులు జోడించి ఇలా అన్నది:

"మహాప్రభూ! ఆయన చేయవలసిన పని చేశాడు. ఆ పొగ ఈ మేడ గవాక్షంలోంచే కనిపిస్తోంది. గాయపడినవారు గుమ్మంలో ఉన్నారు, శత్రువు ఏటి అవతల ఉన్నాడు. ఇప్పుడైతే ద్వారం తీసి మూసేయవచ్చు. వాడు ఏరు దాటాక తీయలేము. నాకు సత్కారం వద్దు, ఓదార్పు వద్దు. తలుపు తీయించండి."

గన్నభూపతి ముఖం పాలిపోయింది. "అమ్మా, నా మనసూ అదే చెబుతోంది. కాని సభామర్యాద ఒకటుంది గదా. సభ తేల్చనీ," అన్నాడు.

అయ్యల మంత్రి లేచాడు. కాటయ ఉన్నంతకాలం దండనాయక పదవి తన చేతికి చిక్కదని ఆయన దిగులు. ఆ పదవిని సభలోని ఉప్పు వర్తకుడు దామిసెట్టి అల్లుడికి ఇప్పిస్తానని మాటిచ్చి, ఆ మాట మీద ఎన్నో పనులు చేయించుకున్న ఘనుడు. అయినా 'తీయవద్దు' అనలేదు. అంత తెలివితక్కువవాడా?

"అమ్మా! ద్వారం తీయరాదని ఈ సభలో ఎవరూ అనడం లేదు. తీయవలసిన విధంగా తీయాలని మాత్రమే మనవి. ఉదయం ఇచ్చిన అనుమతి ఒక్కసారి తెరవడానికే చెల్లింది. మళ్ళీ తెరవాలంటే సభ మళ్ళీ తలచాలి. ఆ ద్వారపు గుత్తదారు తిప్పిసెట్టిగారు ఏమంటారో ముందు విందాం," అన్నాడు, తేనె పూసిన గొంతుతో.

బట్టల వర్తకుడు తిప్పిసెట్టి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ! నాకు దండనాయకులవారి మీద ఎంత గౌరవమో తమకు తెలియనిది కాదు. అయితే ఆయన అటు వెళ్ళగానే నా పట్టుమూటలు ఉత్తర ద్వారం మొగసాలలో వేయించాను. నిప్పు బాణాలకు అంత దిట్టమైన కప్పు కోటలో మరొకటి లేదు. ఇప్పుడు మూటలు తీయించాలి. తీసి ఎండలో ఎక్కడ పెట్టాలి? లేదా నెత్తురోడుతున్నవారు వాటి మీదుగా రావాలి. ఆ పట్టును మళ్ళీ ఎవరు కొంటారు? నష్టానికి పూచీ ఎవరిదో తేలితే నాకేమీ అభ్యంతరం లేదు."

"ఖజానా భరిస్తుంది," అన్నాడు రాజు, ఆత్రంగా.

"ఖజానాకు ఇచ్చినవాళ్ళం మేమే గదా ప్రభూ," అన్నాడు దామిసెట్టి, నవ్వుతూ. "మా చెయ్యి మా నెత్తినే పెట్టించడం ధర్మమా?"

మాచసాని ఆ ఐదుగురినీ వరుసగా చూసింది. "మూడు తరాలుగా ప్రభువుల ఉప్పు తింటున్నామని మా ఇంట్లో చెప్పుకుంటాం. అది సెట్టిగారి ఉప్పని ఇవాళ తెలిసింది. అయ్యా, మీ పట్టుకు నా పుస్తెలు తాకట్టు పెట్టుకోండి, నా ఇల్లు పెట్టుకోండి. తలుపు తీయండి."

ఎవరూ తల దించుకోలేదు. సిగ్గుపడి ఉంటారని రాయడం నాకు చేతకాదు, ఎందుకంటే పడలేదు. ఆమె ఇల్లు ఆ మూటలకు సరితూగుతుందా లేదా అన్న మాట మీద కాసేపు వాదించుకున్నారు. తరువాత మూటలు మోసేవారెవరన్న ప్రశ్న వచ్చింది. తరువాత తాంబూలాలు వచ్చాయి. చివరికి, నష్టంలో సగం ఖజానా, సగం కాటయ జీతం భరించేటట్లు తేలి, హితసభ ద్వారం తెరవడానికి ఏకగ్రీవంగా అనుమతించింది. సభలో ఆసనం లేకపోయినా అయ్యల మంత్రే ముందుగా చేయెత్తాడు.

మాచసాని అప్పటికే అక్కడ లేదు. ఉత్తర బురుజు మీద, ఎండలో నిలబడి ఉంది.

కింద కాటయ తనవారిని ద్వారానికి వీపు పెట్టి అర్ధచంద్రాకారంగా నిలిపాడు. గాయపడినవారిని గోడ నీడలో పడుకోబెట్టారు. నీళ్ళు అడిగేవారు అడగడం మానేశారు. ఏరు దాటిన గుర్రపుదండు దుమ్ము రేపుకుంటూ, గిట్టల చప్పుడు వినబడేంత దగ్గరకు వచ్చింది. అప్పుడు లోపల మూటలు జరుపుతున్న చప్పుడు, అడ్డగడియ లేపుతున్న చప్పుడు వినిపించాయి. ద్వారపాలకుడు రేచన గోడ మీది కంతలోంచి కేక పెట్టాడు: "నాయకా! అనుమతి వచ్చింది! తీస్తున్నాం!"

కాటయ వెనుదిరిగి, ఆ కోటంతా వినేటట్లు గర్జించాడు:

"రేచనా! గడియ ముట్టావంటే నీ తల నరుకుతాను! చేతులు కాలాక ఆకులెందుకురా! ఇందాక తీస్తే మేము లోపల ఉండేవాళ్ళం, వాడు బయట ఉండేవాడు. ఇప్పుడు తీస్తే మాతోపాటు వాడూ వస్తాడు. ఎవరి అనుమతి తెచ్చావో నాకు అక్కరలేదు. ఊపిరున్నంతవరకు ఈ కోటకు దండనాయకుణ్ణి నేను. మూసి ఉంచు!"

రేచన చేతులు గడియ మీదే ఆగిపోయాయి. ఏడుస్తూనే దాన్ని కిందికి దించాడు.

కాటయ తల ఎత్తి బురుజు మీద భార్యను చూశాడు. "నువ్వు దిగి ఇంటికి వెళ్ళు," అన్నాడు, సంతకు వెళుతూ చెప్పినంత మామూలుగా. ఆమె దిగలేదు. రెప్ప వేయకుండా చూసిందనడం అబద్ధం. ఎండ కళ్ళలో కొడుతుంటే వేసింది కూడా. కాటయ ఎప్పుడు పడ్డాడో ఆమెకు తెలియలేదు, అంత దుమ్ము. దుమ్ము అణిగాక ద్వారం ముందు నిలబడినవాడు ఎవడూ లేడు. ద్వారం మాత్రం చెక్కుచెదరలేదు. ఆమెకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది, దానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

యంత్రం బూడిదయింది గనుక, తొలకరి వానలకు ఏరు పొంగింది గనుక, చిక్కరాయడు డేరాలు పీకి వెళ్ళిపోయాడు. కోట దక్కింది. దక్కిన కోటలో మహాసభ జరిగింది. అయ్యల మంత్రి చేసిన ప్రసంగాన్ని జనం శ్రద్ధగా విన్నారు:

"సభికులారా! ఆనాడు హితసభ ఆవేశానికి లోనై తొందరపడి ఉంటే ఏమయ్యేదో తలుచుకోండి! నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. ద్వారం మూసి ఉంచడమే సరి అని వీరుడైన కాటయ నాయకుడే తన నోట చాటాడు. అంటే, హితసభ నిదానాన్ని ఆ మహావీరుడు తన ప్రాణంతో సమర్థించాడు!"

జనం చప్పట్లు కొట్టారు. కొట్టనివారు కూడా ఏమీ అనలేదు. ఆ మాటలు రాతి మీద చెక్కించి ఉత్తర ద్వారం పక్కన నిలిపారు, ఐదుగురి పేర్లతో. దామిసెట్టి అల్లుడు దండనాయకుడయ్యాడు. మాచసాని పుస్తెలు తాకట్టుకు అడగలేదు, అది వారి దయ.

చివరగా గన్నభూపతి ఆమెను కొలువుకు పిలిపించి, సింహాసనం దిగి వచ్చి, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నిజమైన కన్నీళ్ళే. "అమ్మా! నీ ఋణం ఈ వంశం తీర్చుకోలేదు. ఏది కావాలన్నా కోరుకో. ఈ రాజ్యంలో నేను ఇవ్వలేనిదంటూ లేదు. ఇది రాజు మాట."

మాచసాని గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు. చిట్టచివరి పని ఒకటి ముగించుకుని పోదామన్నట్లుంది.

"నాకేమీ వద్దు ప్రభూ. హితసభలో ఒక్క ఆసనం వేయించండి. గోడ మీద నిలబడినవాడు ఎవడైనా ఒకడు అందులో కూర్చోవాలి. రేచనను కూర్చోబెట్టండి. గుమ్మం ముందు మళ్ళీ మనుషులుంటే, ఏటి అవతల ఎవరున్నారో చూసి చెప్పేవాడు ఒక్కడైనా ఉంటాడు."

గన్నభూపతి 'సరే' అనడానికే నోరు తెరిచాడు. ఆ మాట పెదవి దాకా వచ్చింది కూడా. అక్కడ ఆగింది. ఆయన తల మెల్లగా, తనకు తెలియకుండానే, ఐదు ఆసనాల వైపు తిరిగింది.

మాచసాని నమస్కరించి, ఆ తల మళ్ళీ ఇటు తిరిగేలోగా వెళ్ళిపోయింది.