పసుపు పట్టులో ఇద్దరు

సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లే మనవాళ్లెవరూ ఆ రాతి ఇంటి ముందు కారు ఆపరు. హాల్లో ఉన్న బొమ్మలోని మనిషికి రెండు మొహాలట... చీకటి పడితే రెండోది బయటికొస్తుందట.

అందుకే ఇల్లు చవగ్గా వస్తోంది. అందుకే వంశీధర్‌కి అది కావాలి.

గుడి నుంచి తిరిగొస్తూ ఆగారు. చలికాలం, అప్పటికే చీకటి. వంశీధర్ కూతురు, నాలుగేళ్ల సాహిత్య, అక్షర భుజమ్మీద నిద్రపోతోంది. అక్షర కట్టుకున్నది పోయినేడు చనిపోయిన అక్క కుసుమ పసుపు పట్టుచీర. "అదే కట్టుకెళ్లు. బావకి ఇవాళ ఊఁ అని చెప్పెయ్. పాపకి పిన్నే తల్లవుతుంది" అంది అమ్మ, పొద్దున ఫోన్లో.

వద్దని చెప్పడానికి దారంతా ధైర్యం కూడగట్టుకుంటోంది అక్షర.

ఇల్లు చూపించే శివప్రసాద్ అంకుల్ హాల్లో లైటు వేసి గోడ మీది బొమ్మ చూపించాడు.

"పాతకాలం డచ్ పెయింటరు. ఇది ఆయన భార్య. పట్టు వ్యాపారి పెద్దకూతురు. బొమ్మ సగంలో ఉండగానే పురిట్లో పోయింది."

"మరి పూర్తయిందిగా?" అన్నాడు వంశీధర్.

"చెల్లెల్ని కూచోబెట్టాడు. అదే పట్టు, అవే ముత్యాలు. అల్లుణ్ణి వదులుకోలేక మావగారే రెండో పిల్లనీ ఇచ్చాడు." అంకుల్ నవ్వాడు. "అచ్చం మనవాళ్లే."

వంశీధర్ నవ్వలేదు. అక్షర వైపు చూశాడు.

"ఆ పిల్లని అడిగారా?" అంది అక్షర, గొంతు తగ్గించి.

"ఎవరడుగుతారమ్మా..."

అప్పుడు కనిపించింది — చెల్లెలి బుగ్గ కింద ఇంకో బుగ్గ. కళ్ల వెనకాల ఇంకో జత కళ్లు...

"భయపడకు. పైరంగు పాతబడి పల్చనైతే కిందిది తేలుతుంది. అంతే," అన్నాడు అంకుల్.

"మరి పైనున్నది?"

"ఏముంది... పోతుంది."

కారెక్కారు. పాపని వెనక సీట్లో పడుకోబెట్టారు. వంశీధర్ స్టార్ట్ చెయ్యలేదు.

"నో ప్రెషర్, అక్షరా. బట్... పాప కోసమైనా. ఏమంటావ్?"

వద్దు బావా. ఆ రెండు మాటలే. అక్షర నోరు తెరిచింది.

"ఇంటికి పోదామండీ... పాపకి ఆకలేస్తుంది."

వంశీధర్ చటుక్కున తిరిగి చూశాడు. అక్షర ఏనాడూ అతణ్ణి అండీ అనలేదు; కుసుమే అనేది. ఆ గొంతు... తనది కాదు.

వెనక సాహిత్య కళ్లు తెరిచింది.

"మమ్మీ," అంది మెల్లగా. "యు కేమ్ బ్యాక్."

లోపలెక్కడో — చాలా కింద — అక్షర వద్దు, వద్దు అంటూనే ఉంది...

కారు కదిలింది.