డ్రైవర్ రెండో పూజ

“ఎనిమిదింబావుకి వ్యాన్ కదులుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఫైనల్లో బెంచీ మీదే!”

కోచ్ మేడమ్ మాటంటే మాటే. సొంత మేనకోడలికైనా మినహాయింపు లేదు. ఆ మేనకోడలు సర్వీస్ చేసిందంటే అవతలి టీమ్‌కి బంతి కనపడదు, అందుకే అందరూ బుల్లెట్ అంటారు. నేను ఆ వాలీబాల్ టీమ్ వ్యాన్ డ్రైవర్ని. ఆరు నెలలుగా సగం చూపు రోడ్డు మీద, సగం ఆమె మీద పెట్టి నడుపుతున్నా ఎక్కడా గుద్దలేదంటే దేవుడి దయే.

ఆ ఆదివారం పొద్దున్నే లాడ్జి మెట్ల మీద మేడమ్‌కీ బుల్లెట్‌కీ గొడవైంది.

“అత్తా, ఏడుంబావుకి చర్చిలో పూజ ఉందట. వెళ్ళొస్తా.”

“ప్రయాణంలో ఆదివారం పూజ కుదరకపోతే పాపం కాదే! ఫాదర్ గారే చెప్తారు.”

“కుదరకపోతే కదా! గుడి నాలుగు వీధుల అవతల ఉంటే కుదరలేదని ఎవరికి చెప్పను?”

“సరే, పో. లేటైతే మాత్రం బెంచీ!”

బుల్లెట్ విసవిసా గేటు దాటింది. నేనూ వెనకాలే పరిగెత్తాను.

“ఆగండి! నాకు దారి తెలుసు. నేనూ పూజకే.”

“నువ్వూ క్యాథలిక్కా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మీరు అడిగితేగా!”

అసలు సంగతి మీకు చెప్పేస్తాను. శనివారం సాయంత్రం పూజకెళ్ళినా అది ఆదివారం పూజ కిందకే వస్తుంది. నిన్న ఆమె సెమీఫైనల్ ఆడుతుంటే నేను వెళ్ళొచ్చేశాను. ఇప్పుడు నాకు గుడితో పని లేదు. కానీ వ్యాన్ తాళాలు నా జేబులో ఉన్నాయి.

గుడి కిటకిటలాడుతోంది. వెనక గోడకానుకుని పక్కపక్కనే నిలబడ్డాం. ఫాదర్ గారు ఆ రోజు మంచి ఊపు మీదున్నారు, ప్రసంగం ఎంతకీ తెమల్లేదు. సత్‌ప్రసాదం తీసుకుని వెనక్కి వచ్చేసరికి ఎనిమిది దాటింది. బయట వాన మొదలైంది.

“చివరి దీవెన అందుకోకుండా నేను కదలను,” అంది గుసగుసగా.

“నేను కదలమన్నానా?”

ఎనిమిదింబావు అయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అయిపోయింది. వ్యాన్ వెళ్ళిపోయుంటుంది.”

“ఎవరు నడుపుతారటా?”

ఆమె నా వైపు చూసింది. మరుక్షణం రెండు చేతులతో నోరు మూసుకుంది. ముందు బెంచీలో బామ్మగారు వెనక్కి తిరిగి కొరకొరా చూశారు.

“మా అత్త నిన్ను ఉద్యోగంలోంచి పీకేస్తుంది!”

“పీకేయనీయండి.”

దీవెన అందగానే వానలో పరుగో పరుగు. మేడమ్ వ్యాన్ ముందు గొడుగేసుకుని నిలబడి ఉంది.

“ఎక్కడ చచ్చావురా?”

“పూజకెళ్ళా మేడమ్.”

“మరి నిన్న సాయంత్రం వెళ్ళిందెవరు, మీ తాతా? నన్నడిగే వెళ్ళావుగా!”

వ్యాన్ కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. బుల్లెట్ మెల్లగా నా వైపు తిరిగింది.

“నిన్ననే వెళ్ళొచ్చావా? మరి ఇవాళ ఎందుకొచ్చావ్?”

ఇంక దాచి లాభం లేదు.

“మీరు ఫైనల్ ఆడాలని. మీరు లేకుండా ఈ వ్యాన్ నడపడం నావల్ల కాదు. ఇవాళే కాదు, ఎప్పటికీ.”

కిటికీల్లోంచి ఈలలే ఈలలు! ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. తడి జుట్టు వెనక్కి తోసుకుని, “వచ్చే వారం నుంచి ఈ రెండేసి పూజలు వద్దు. నాతోనే రా,” అంది.

నా గుండె ఎగిరి గంతేసింది. మేడమ్ మాత్రం వాచీ చూసుకుంది.

“వ్యాన్ కదిలాక వస్తే బెంచీ అన్నాను. కదల్లేదు కాబట్టి బతికిపోయావ్, ఎక్కవే!” అని నా వైపు తిరిగింది. “నువ్వేంట్రా గుడ్లప్పగించి చూస్తావ్? పద! మ్యాచ్ కానీ, సంబంధం మాట్లాడ్డానికి మా అన్నయ్యకి నేనే ఫోన్ చేస్తా.”