సబ్బు గీతలు

ఆమె ఉతికిన దిండు గలేబులు మడతపెడుతోంది. ఎదురుగా నాన్న. గడియారాలు బాగుచేసే ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, జారిపోయిన స్క్రూ కోసం బల్లంతా గాలిస్తున్నాడు.

గుమ్మంలో మైక్రోస్కోప్ అబ్బాయి ప్రత్యక్షమయ్యాడు. ల్యాబ్‌లో ఆమె పక్కనున్న మైక్రోస్కోప్ గది అతనిది. వానకి తడిసి ముద్దయ్యాడు.

"గొడుగు లేదా?" అడిగిందామె.

"ఉందండీ. ల్యాబ్‌లో."

"పాపం, దాన్ని మాత్రం తడవనివ్వలేదు."

అతను నవ్వలేదు. "మీ శాంపిల్ పాడుచేసింది నేనే."

ఆమె చేతులు ఆగిపోయాయి.

మూడు నెలలుగా కణాల పొరల్లోంచి ప్రొటీన్లు తీస్తోంది. కొవ్వుని కరుచుకుని ఉండే మొండిఘటాలవి; నీళ్లకి లొంగవు. వాటిని ముక్కలుచేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే, ముక్కల బరువుల్ని బట్టి ఏది ఏదో పోల్చుకోవచ్చు. మొన్న తెర మీద ఒక్క ప్రొటీనూ కనబడలేదు. దువ్వెన పళ్లలా, సమానమైన ఎడంతో, గీతలే గీతలు. సబ్బు కలిస్తేనే అలా వస్తాయి! తప్పు తనదే అనుకుని గైడ్ ముందు తల వంచుకుంది. రేపు మిగిలిన సగం శాంపిలూ పాడైతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడాయన.

"మీకు జ్వరం వచ్చిన రోజు సింకులో మీ సీసాలు చూశాను. కడిగిపెట్టాను. మా గదిలో సబ్బుతోనే కడుగుతాం. మీ సీసాలకి సబ్బు తగలకూడదని మొన్న మీ గైడ్ అరుపులు విన్నాకే తెలిసింది."

"బాగా కడిగారా?"

"మూడుసార్లు."

"మూడుసార్లా!"

"ఒకసారికి మెరవలేదండీ."

ఏడవాలో నవ్వాలో ఆమెకి తోచలేదు. "అసలు మిమ్మల్ని ఎవరు కడగమన్నారు?"

"ఎవరూ అనలేదు. మిమ్మల్ని పలకరించే ధైర్యం లేదు. సీసాలైతే ఏమీ అనవు కదా అని..."

బల్ల మీద నాన్న చెయ్యి కదలడం మానేసింది. తల మాత్రం ఎత్తలేదు.

"పొద్దున మీ గైడ్‌కి చెప్పేశాను. చడామడా తిట్టారు. ఇక మీ గది ఛాయలకి రాను."

"రావాలి," అందామె. "రేపు శాంపిల్ ఎక్కించేటప్పుడు నా చెయ్యి వణుకుతుంది. పక్కన నిలబడండి. ఏదీ ముట్టుకోకండి."

"ఊరికే నిలబడితే చాలా?"

"చాలు."

"రేపటికేనా?"

మడతపెట్టిన గలేబునే ఆమె మళ్లీ విప్పి మడతపెట్టింది. "రేపటి నుంచి."

కూతురి కోసం ఎవరొచ్చినా, వాళ్లు వెళ్లేదాకా కుర్చీ వదలని మనిషి నాన్న. ఇప్పుడు లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. ఇద్దరినీ చూడనట్టే చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా లాగి బయటికి వెళ్లిపోయాడు.