రోజూ ఆమె కొట్టే మొదటి పేరు

ఆ పింగ్‌పాంగ్ ఆటగాడు ఆ వీధిలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. అయినా వీధి చివరి కళ్లద్దాల షాపులో, వెనక గదిలో లెన్సులు అరగదీసే అబ్బాయికి అతనంటే ఒళ్లు మంట. ఆ మంటకి అప్పుడే పదకొండు నెలలు నిండాయి.

దీనికంతటికీ కారణం, షాపు ముందుభాగంలో కూర్చుని కళ్లు పరీక్ష చేసే అమ్మాయి. షాపేమో ఆ అబ్బాయి సొంత అక్కది. ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజే అతను చేసిన లెన్సుని, రెండు డిగ్రీలు పక్కకి తిరిగిందంటూ వెనక్కి పంపింది. నా చేతిపనికి వంక పెట్టడమా అని అతను రుసరుసలాడుతూ కొలిచి చూశాడు. సరిగ్గా రెండు డిగ్రీలే. అప్పుడు లెన్సుతో పాటు అతని మనసూ కాస్త పక్కకి తిరిగింది. లెన్సు ఆ సాయంత్రానికి సరైపోయింది గానీ, మనసు ఇంతవరకు దారికి రాలేదు.

ఆమెని అతను డాక్టరమ్మా అంటాడు. ఆమె అతన్ని మాస్టారూ అంటుంది. ఇద్దరి మాటల్లోనూ వెటకారమే.

పొద్దున్న పదింటికి షాపు తెరిచాక అరగంట దాకా ఎవరూ రారు. ఆ అరగంటలో ఇద్దరూ ఫోన్లు తీసి ఒక ఆన్‌లైన్ ఆట ఆడతారు. రోజుకొక ప్రముఖుడు అందులో దాక్కుని ఉంటాడు. కనిపెట్టడానికి ఆరు ఛాన్సులు. మనం ఒక పేరు కొడితే ఆ మనిషి వయసు, ఎత్తు, చేతివాటం, తోబుట్టువులు, పెళ్లి సంగతి ఐదు గడుల్లో వస్తాయి. దాక్కున్న మనిషితో కలిసిన గడి పచ్చగా మారుతుంది. దాన్ని పట్టుకుని మిగతాది ఊహించుకోవాలి. ఎవరికి ఎక్కువ ఛాన్సులు పడితే వాళ్లు ఆ రోజు షోకేసు అద్దాలు తుడవాలి.

ఆమె రోజూ మొదట కొట్టేది ఆ పింగ్‌పాంగ్ ఆటగాడి పేరే. ఎండైనా వానైనా అదే పేరు. ఎందుకని అడిగితే, అలవాటు అని నవ్వి ఊరుకునేది. అబ్బాయి కొంప ముంచింది ఆ నవ్వే. ఆ ఆటగాడికి బ్యాటు బాబు అని పేరు పెట్టి, ఇంటర్నెట్‌లో వాడి గురించి ఉన్నదంతా చదివేశాడు. ఎక్కడైనా ఓ చెడ్డమాట దొరక్కపోతుందా అని ఆశ. దొరకలేదు. దాంతో కడుపుమంట ఇంకాస్త పెరిగింది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క ముందు గోడు వెళ్లబోసుకున్నాడు.

"ఏముందక్కా వాడిలో? ఐదడుగుల ఏడంగుళాలు, అదీ ఒక ఎత్తేనా? గుండ్రటి ముక్కు. ఎడమచేతి వాటం. పైగా ఒక్కతే అక్కట, గారాబం చేసి పాడుచేసి ఉంటుంది."

అక్క అతని ఎడమచేతిలో ఉన్న చెంచా వంక చూసింది. తర్వాత అతని ముక్కు వంక చూసింది.

"అవున్రా, తప్పంతా ఆ అక్కదే" అని డబ్బా మూత పెట్టి లేచిపోయింది.

ఆ తర్వాతి వారం ఒకరోజు పొద్దున్నే వాన పట్టుకుంది. వీధిలో మనిషి జాడ లేదు. డాక్టరమ్మ ఫోన్ తీసి మామూలుగానే ఆ పేరు కొట్టింది. గడులు ఒక్కొక్కటే తిరిగాయి. వయసు పచ్చ. ఎత్తు పచ్చ. చివరికి ఐదూ పచ్చ. ఆ రోజు దాక్కున్నవాడు బ్యాటు బాబే.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చాడు" అంది మెల్లగా. "మాస్టారూ, నీతో ఒక మాట చెప్పాలి. ఇవాళే చెప్పాలి."

ఆ వచ్చాడు అన్న మాట అబ్బాయికి ఎక్కడో గుచ్చుకుంది. పదకొండు నెలలుగా లోపల దాచుకున్న కుళ్లంతా ఒక్కసారి నోటికొచ్చింది.

"నీ బ్యాటు బాబు గురించేగా? పోస్టరు కొని గోడకి అంటించుకో. నాకు చెప్పకు."

ఆమె మొహంలో వెలుగు ఆరిపోయింది. ఏదో అనబోయింది. అంతలో ఒక ముసలాయన గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తలుపేసుకుంది.

అబ్బాయి తిన్నగా కౌంటరులో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాడు. అక్క ఊరికి ఆ చివర రెండో షాపు తెరుస్తోంది. అక్కడి మెషీను చూసుకోమని ఎన్నిసార్లు బతిమాలినా, ఇక్కడి మెషీనుకి నా చెయ్యి అలవాటైందని తప్పించుకుంటూ వచ్చినవాడు, రేపట్నుంచి నేనే వెళ్తానన్నాడు. ఎందుకురా అని అడిగితే ఇక్కడి దుమ్ము పడటంలేదన్నాడు. ఆ మాట మూసిన తలుపు అవతల ఆమెకీ వినిపించింది. వినిపించాలనే అన్నాడు.

ఆ రోజు మూడు జతల లెన్సులు పాడుచేశాడు. వెళ్లిపోతానన్నాడు గానీ, రేపు పదింటికి ఆమె పక్కన ఎవరు కూర్చుని ఆడతారన్న ఆలోచనకే అతని చేతులు ఆడటంలేదు.

సాయంత్రం పనిముట్లు గుడ్డలో చుట్టుకుంటుంటే ఆమె గుమ్మంలోకొచ్చి నిలబడింది. వెళ్లేముందు కళ్లు చూపించుకోమంది. నా కళ్లు బాగానే ఉన్నాయన్నాడు.

"నాకలా అనిపించడంలేదు" అంది.

వెళ్లి కూర్చున్నాడు. బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి లైటు తగ్గించింది. ఎదురుగా తెర మీద అక్షరాల బదులు ఆ ఆటలోని ఐదు గడులున్నాయి. పేరు మాత్రం కనబడకుండా చేసింది.

"చదువు."

"వయసు ఇరవై ఎనిమిది. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ఎడమచెయ్యి. ఒక అక్క. పెళ్లి కాలేదు."

"ఎవరు?"

"ఇంకెవరు, నీ బ్యాటు బాబు."

"తప్పు. ఒక ఛాన్సు పోయింది." ఫ్రేములో ఒక లెన్సు తీసి ఇంకోటి పెట్టింది. "మళ్లీ చదువు."

ఈసారి నెమ్మదిగా చదివాడు. ఎడమచెయ్యి దగ్గర తడబడ్డాడు. ఒక అక్క దగ్గర ఆగిపోయాడు.

"నేనా?" అన్నాడు.

ఆమె ఫ్రేము తీసేసింది. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

"ఈ ఆట మొదలుపెట్టిన రోజు నీ పేరే కొట్టాను. అందులో లేదు. పేరున్నవాళ్లే ఉంటారట. నీకు దగ్గరగా ఎవరున్నారా అని ఒక ఆదివారమంతా కూర్చుని వెతికాను. ఆయన ఆట ఒక్కటీ చూళ్లేదు నేను. ఆ పేరు జవాబుగా వచ్చిన రోజు నీతో చెప్పేయాలని నాకు నేనే మాటిచ్చుకున్నాను. తీరా అది వచ్చిన రోజు నువ్వు పోస్టరు కొనుక్కోమన్నావు."

అబ్బాయికి సిగ్గూ సంతోషమూ కలిసొచ్చాయి. ఇన్నాళ్లూ తనని చూసి తనే కుళ్లుకున్నాడన్నమాట.

"వాడి ముక్కు బాగాలేదని అక్కతో అన్నాను" అన్నాడు చివరికి.

"చెప్పింది. నీదీ అంతే." ఫ్రేము పెట్టెలో పెడుతూ, "నాకు బాగానే ఉంది" అంది. "రేపు వెళ్తున్నావా?"

"లేదు. ఇక్కడి దుమ్ము నాకు పడుతుంది."

అక్క కొత్త షాపుకి వేరే మనిషిని చూసుకుంది. ఆ మనిషితో రెండు వారాల ముందే మాట్లాడి ఉంచిందని తర్వాత తెలిసింది.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న డాక్టరమ్మ తన మొదటి పేరు కొట్టి నొసలు చిట్లించింది. చివరి గడిలో పెళ్లయింది అని ఉంది. పోయిన వారమే బ్యాటు బాబు ఒక ఇంటివాడయ్యాడట. ప్రపంచంలో ఆ పెళ్లికి అబ్బాయి సంతోషించినంతగా ఇంకెవరూ సంతోషించి ఉండరు.

"ఇంక ఈ పేరు పనికిరాదు మాస్టారూ. నీతో నాలుగే కలుస్తున్నాయి."

అబ్బాయి ఫోను వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"పేరు మార్చకు. ఐదోది నేనే మార్చుకుంటాను. నువ్వు సరేనంటే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఆదివారం వాళ్లింటికెళ్లి నేను మాట్లాడొస్తాలే" అంది అక్క, కౌంటరు దగ్గర్నుంచి తలెత్తకుండానే. "ముందు అద్దాలెవరు తుడుస్తారో తేల్చండి."

ఆ రోజు అబ్బాయి ఆరు ఛాన్సులూ పోగొట్టుకున్నాడు. గుడ్డ తీసుకుని బయటికెళ్లి షోకేసు అద్దం తుడవసాగాడు. ఈలోగా ఎవరో రావడంతో ఆమె పనిలో పడింది. లెన్సులు మారుస్తూ, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడుగుతోంది. అడిగింది కుర్చీలో ఉన్నాయన్నే గానీ, చూపు మాత్రం తెరిచి ఉన్న తలుపులోంచి షోకేసు అద్దం వైపుంది.

ఇదే బాగుందని బయట్నుంచి అతను తల ఊపాడు.